చూశాకే మజ్జిగ

ఆయన పేరు మాకు తెలియదు. బందరు నుంచి వచ్చిన ఓవర్సీయరుగారు, అంతే.

పెడనలో సొసైటీ మగ్గాల షెడ్డు కూలింది. అంతకు ముందురోజే నాన్న సొసైటీ ప్రెసిడెంటుతో పోట్లాడాడు. దాంతో దూలాన్ని నాన్నే రంపంతో కోశాడని ఊరంతా అనేసింది.

షెడ్డు ఎందుకు కూలిందో తేల్చడానికి వచ్చిన ఓవర్సీయరుగారికి అమ్మ మజ్జిగ అందిస్తూ, "మీరైనా నమ్మండి బాబూ" అని ఏడ్చింది.

"చూశాక తాగుతానమ్మా" అన్నారు. అమ్మ ముఖం మాడిపోయింది. నాకైతే ఒళ్లు మండింది.

ఎవరేం చెప్పబోయినా ఆయనది ఒకటే మాట, "చూడనివ్వండి." విరిగిన తాటిదూలం పక్కన గొంతుక్కూర్చుని, గోడలో ఉండే కొసలోకి గొడుగు మొన గుచ్చారు. బెత్తెడు దిగిపోయింది. మట్టి జలజలా రాలింది.

"తడిమి చూడండి ప్రెసిడెంటుగారూ. రంపం కోస్తే పళ్ల గీతలుంటాయి. ఇది చెదలు తినేసిన దూలమండీ."

ప్రెసిడెంటు తడిమాడు. వేళ్లకి అంటిన చెదమట్టి దులుపుకున్నాడు.

అప్పుడాయన అందరి ముందూ అమ్మవైపు తిరిగి, "ఏదమ్మా, ఆ మజ్జిగ?" అన్నారు.

ముందే తాగి ఉంటే ఆయన మాట ఎవరు నమ్మేవారు? ఆ రోజు మమ్మల్ని నమ్మనందుకే ఆయనకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.