వాగులో నిలబడ్డ సగం నిజం

ప్రభుత్వం ఎక్కడో ఒకచోట కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుందనీ, మనం గట్టిగా అరిస్తే ఇటు తిరిగి చూస్తుందనీ నేను నమ్మిన రోజులవి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఎవరైనా కాస్త ఉద్వేగంగా మాట్లాడుతుంటే మధ్యలో ఒక ముక్క విసిరి గాలి తీసెయ్యడం తప్ప వేరే విద్య తెలియదు. చుట్టాల పెళ్లిళ్లలో అప్పగింతల సమయానికి నన్ను వంటల దగ్గరికి పంపేసేవారు (అక్కడ ఏడ్చేవాళ్లు ఉల్లిపాయల వల్ల ఏడుస్తారు కాబట్టి నా వల్ల నష్టం లేదు). అందరి నాటకాలనీ వెక్కిరించిన నేను జీవితంలో ఒక్కసారి సొంతంగా నాటకం ఆడబోయాను. అది కూడా శాసనసభలో.

చంద్రపూర్‌లో, తుకుం బజారుకు పక్క సందులో, మా ఆమ్దార్ సాహెబ్ ఆఫీసు ఉండేది. మా వైపు ఎమ్మెల్యేను అలాగే అంటాం. ఆయనకు ఓట్లేసే ఊళ్లు చాలావరకు రాజురా దాటాక, తెలంగాణ సరిహద్దు పొడుగునా ఉన్నాయి. అక్కడినుంచి వచ్చే తెలుగువాళ్ల గోడు విని మరాఠీలో అర్జీ రాసిపెట్టే మనిషి కావలసి వచ్చాడు. నేను మరాఠీ బడిలో చదివి, ఇంట్లో తెలుగులో తిట్లు తిన్నవాణ్ణి, ఉద్యోగం ఇచ్చేశారు. నా పైన బడేబాబు అని ఒక పెద్దాయన. అంతకుముందు ఇద్దరు ఆమ్దార్ల దగ్గర కూడా ఆయనే పనిచేశాడు. గోడ మీద ఫొటో మారేది, బడేబాబు కుర్చీ మీద తువ్వాలు మాత్రం మారేది కాదు. సాహెబ్ ఆ ఏడు ప్రతిపక్షంలో ఉన్నారు. అంతకు ముందేడు పాలకపక్షంలో ఉన్నారు. మనిషి ఆయనే, కండువా మాత్రమే వేరు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒక పొద్దున మా మేనత్త దిగింది. రాజురా అవతల ఒక ఊళ్లో అంగన్‌వాడీ నడుపుతుంది. ఆమె సెంటరు వాగుకు ఇవతల, సగం మంది పిల్లలు వాగుకు అవతల. మధ్యలో వంతెన.

"సగం కొట్కపోయింది రా," అంది, సంచిలోంచి పచ్చిమిరపకాయల మూట తీసి నా టేబుల్ మీద పెడుతూ. "ఇవతలి సగం మంచిగనే ఉన్నది. అవతలి సగం లేదు. నీళ్లొచ్చిన దినం పోరలు రారు. హాజరు పడిపోయిందని మా మేడం రాసుకపోయింది. మల్ల వానకాలం గూడ గిట్లనే ఉంటె సెంటర్ ఎత్తేస్తరట. గా పోరలు ఒక్క పూట మా కిచిడి తిని బతుకుతున్నరు బిడ్డా. మీ సాహెబ్‌కు జెర చెప్పు."

సాహెబ్‌కు చెప్పాను. ఆయన వెంటనే కరిగిపోయారు (ఆయన రోజుకు నలభైసార్లు కరిగేవారు, మళ్లీ ఎప్పుడు గడ్డకట్టేవారో ఎవరికీ తెలియదు). "నాగపూర్ అధివేశనంలో ప్రశ్న వేద్దాం, రాసిపెట్టు," అన్నారు. చలికాలం వస్తే రాష్ట్ర ప్రభుత్వం మొత్తం ముంబై నుంచి నాగపూర్‌కు దిగి కొన్ని రోజులు సభ జరుపుతుంది కదా, దానికి.

కూర్చుని రాశాను. "వంతెన సగం కొట్టుకుపోయిందన్న మాట నిజమేనా?" అని. చదువుకుంటే చప్పగా అనిపించింది. సగం వంతెనకు ఏ మంత్రి గుండె కరుగుతుంది? సగం కొట్టేసి, "పూర్తిగా కొట్టుకుపోయి, ఊరు ఊరంతా ఒంటరిదైపోయిందన్న మాట నిజమేనా?" అని రాశాను. ఒళ్లు జలదరించింది. బడేబాబు కళ్లజోడు పైకెత్తి అడిగాడు. "నువ్వు వెళ్లి చూశావా?"

"మా సొంత మేనత్తే చెప్పింది," అన్నాను. అది నిజమే. ఆమె చెప్పింది ఏమిటన్నది మాత్రం ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ప్రశ్నకు జాబితాలో చోటు దొరికింది. కబురు తెలిసి అత్త సెలవు పెట్టి మరీ వచ్చింది. పెట్టెలోంచి తీసిన పట్టుచీర, ఒళ్లో జొన్నరొట్టెల డబ్బా. రైల్లో వరోరా దాటేదాకా పక్కసీటు ఆమెకు "మా బ్రిడ్జి మీద ఇయ్యాల సర్కారు మాట్లాడుతుంది," అని చెబుతూనే ఉంది. నేను కిటికీ వైపు తిరిగి గర్వంగా ఊరుకున్నాను.

బడేబాబు పాసులు ఇప్పించాడు. సంచులూ ఫోన్లూ బయట పెట్టించి, మమ్మల్ని పైన గ్యాలరీలో కూర్చోబెట్టారు. మాట్లాడొద్దు, కాలు మీద కాలు వేసుకోవద్దు అన్నారు. "మా సెంటర్ లెక్కనే ఉన్నది," అని అత్త మెచ్చుకుంది. ప్రశ్నల గంట మొదలైంది. మాది తొమ్మిదో ప్రశ్న. మొదటి ప్రశ్న చదవకముందే ప్రతిపక్షం వాళ్లంతా లేచి నినాదాలతో మధ్యలోకి దూసుకొచ్చారు. అందరికన్నా ముందు, అందరికన్నా పెద్ద అట్టముక్క పట్టుకుని ఉన్నది ఎవరా అని చూస్తే, మా సాహెబే. తన ప్రశ్న ఉన్న గంటను తనే ఆపుతున్నారు. పార్టీ ఆజ్ఞ అట. సభ వాయిదా పడింది.

"గంతేనా?" అంది అత్త. "మా పోరలు నయం. కిచిడి ఉడికేదాక కూసుంటరు."

బయటికి వచ్చాక బడేబాబు ఓదార్చాడు. సభ ఆగినా జవాబు ఆగదు, అచ్చు వేసి ఇస్తారు అని. తెచ్చి ఇచ్చాడు. అత్త మరాఠీ చదవగలదు. వేలు పెట్టి చదివింది. వంతెన పూర్తిగా కొట్టుకుపోయి ఊరు ఒంటరిదైందన్న మాట నిజమేనా? "ఇది అంశతః నిజం." అయితే పిల్లలు ఇబ్బంది పడుతున్నారా? "పై జవాబు దృష్ట్యా ప్రశ్న తలెత్తదు." ప్రభుత్వం ఏం చర్య తీసుకుంది? "ప్రశ్న తలెత్తదు."

"పూర్తిగా లేదని నువ్వు రాస్తే," అని బడేబాబు నెమ్మదిగా చెప్పాడు, "నిలిచి ఉన్న ముక్కేదో చూపించి వాళ్లు తప్పుకున్నారు. ఎంత పోయిందో అంతే రాసి ఉంటే 'నిజమే' అనక తప్పేది కాదు. నిజమే అన్నాక, ఏం చేశారో చెప్పకా తప్పేది కాదు. సర్కారుకు కన్నీళ్లు కనబడవు బాబూ, కొలతలు కనబడతాయి."

తిరుగు రైల్లో వరోరా దగ్గర అత్త డబ్బా మూత తీసింది. రొట్టె నా చేతిలో పెట్టి, "ఇర్వై ఏండ్లాయె హాజరు రాయవట్టి," అంది. "పదకొండు మంది వస్తె పన్నెండు అని ఒక్కనాడు రాయలె. నేను సగం అనే చెప్పిన గద రా?"

"చెప్పినవ్ అత్తా."

"మరి తిను. ఎండిపోతది."

తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున్నే బడేబాబు ముందు నిలబడి, అత్త సగం అనే చెప్పిందనీ, పూర్తిగా అని కలిపింది నేనేననీ ఒప్పుకున్నాను. ఆయన నవ్వలేదు, కసరలేదు. తువ్వాలు సర్దుకుని, సాహెబ్ పేర ఉత్తరం చెప్పి రాయించాడు. అందులో పిల్లలూ లేరు, వానా లేదు. ఒకే ఒక వాక్యం: "అంశతః నిజం అన్నారు కనుక, ఏ అంశం నిజమో, ఏది కాదో కొలిచి తెలియజేయగలరు." వేడుకోలునైతే పక్కన పెట్టేస్తారట. సభలో తాము అచ్చు వేయించుకున్న మాటకు అర్థం అడిగితే మాత్రం పక్కన పెట్టడం కష్టమట.

నెల తిరక్కముందే ఒక కుర్ర ఇంజినీరు టేపు పట్టుకుని వాగు దగ్గరికి వచ్చాడు. నేనూ వెళ్లాను. వెళ్లి చూశావా అని మళ్లీ ఎవరైనా అడిగితే చెప్పాలి కదా. ఇంజినీరు వంతెన నిలిచి ఉన్న కొసన నిలబడ్డాడు. టేపు రెండో కొస అవతలి గట్టుకు చేరాలి. మధ్యలో గాలి, కింద నీళ్లు. అందరూ నా వైపు చూశారు. ప్యాంటు మడిచి దిగాను. మోకాలు లోతు, మాఘమాసపు చలి, కాళ్ల కింద పాకుడు రాళ్లు.

"ఇంకా వెనక్కా సాబ్?" అని అరిచాను.

"ఇంకా," అన్నాడు ఇంజినీరు.

"ఇంకా పో," అని గట్టు మీద నుంచి అత్త కేకేసింది. "లేని బ్రిడ్జి నువ్వు నిలవడ్డ కాడనే ఉన్నది!"

అవతలి గట్టు మీద ఆమె పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజమైన అంశం ఎంతో కొలవడానికి ఎవరో ఒకరు కొస పట్టుకోవాలి కాబట్టి, దానికి అబద్ధం కలిపి రాసినవాణ్ణే పట్టుకోమన్నట్టుంది.

వానలకు వారం ముందు వంతెన పూర్తయింది. అంటే లేని సగం మాత్రమే కట్టారు, కొలతలో అంతే ఉంది కనుక. కొత్త సగం పాత సగం కన్నా జానెడు ఎత్తు వచ్చింది. దాన్ని అతికిస్తూ సిమెంటు వాలు పోశారు. ప్రారంభానికి సాహెబ్ వచ్చారు (మళ్లీ పాలకపక్షపు కండువాతో). "ఈ వంతెన కోసం నేను సభలో గర్జించాను, సభ స్తంభించిపోయింది!" అన్నారు. నోరు తెరవబోయాను. అత్త నా చెయ్యి గిల్లింది.

"ఊకో రా. సభ ఆగిందైతే నిజమే గదా."

సెంటరు ఎత్తేయలేదు. ఇప్పుడు నేను తుకుంలో సొంత దుకాణం పెట్టుకుని అర్జీలే రాస్తున్నాను, రాసే ముందు "నువ్వు వెళ్లి చూశావా?" అని అడుగుతాను, కళ్లజోడు ఇంకా రాలేదు కానీ. అప్పుడప్పుడు అత్తను చూడటానికి బండి మీద వెళ్తాను. పాత సగం, కొత్త సగం కలిసే చోట బండి ఒక్క ఎగురు ఎగురుతుంది. సరిగ్గా ఆ క్షణాన, కింద నీళ్లలో ప్యాంటు మడుచుకుని, వణుకుతూ, టేపు కొస పట్టుకుని "ఇంకా వెనక్కా?" అని అరుస్తున్న ఒక కుర్రాడు కనబడతాడు. పాపం, వాడికి అప్పటికి చెప్పినవాళ్లు లేరు. చాలు రా, సరైన చోటే నిలబడ్డావు, అని ఇప్పుడు నేను పైనుంచి చెప్పి పోతుంటాను.