ఎర్మెలిందా ఏరిన సముద్రం

సముద్రం ఒడ్డున బెతూల్ కొండమీది పరిశోధనశాలలో ఎర్మెలిందా కొలాసో పని గుల్లలు ఏరడం. సముద్రం పైపొరలో తేలుతూ బతికే నలుసంత జీవులు కట్టుకున్న గుల్లలవి. నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే గుల్లలో మెగ్నీషియం అంత ఎక్కువ. జీవి చచ్చి అడుగుకు దిగితే మీద బురద పేరుకుంటుంది. ఆ బురదను పొడవాటి గొట్టంతో పైకి లాగి, కడిగి, గుల్లలు ఏరి, కరిగించి చూస్తే వేల ఏళ్లనాటి నీటి వేడి తెలుస్తుంది.

వీడ్కోలు సభల్లో దీన్ని తపస్సు అంటారు. తపస్సూ లేదు, గిపస్సూ లేదు. ఎర్మెలిందాకు అది హాయి. సన్న కుంచెను నాలుకతో తడిపి, మైక్రోస్కోపులోకి వంగిందంటే కాసేపటికి గది మాయమయ్యేది, ఫ్యాను చప్పుడు మాయమయ్యేది. తాను నీటి అడుగున కూర్చున్నట్టూ, పైనుంచి తెల్లటి గుల్లలు తొందర లేని వానలా తన ఒళ్లోకి రాలుతున్నట్టూ ఉండేది. అలా ఇరవై ఆరేళ్లు.

చిక్కల్లా ఒకటే. ఆమె ఏరే గుల్లకు కవల లాంటిది ఇంకొకటుంది. రెండూ గదులు గదులుగా పెరిగే గుల్లలే; దీనికి చివరి గది కాస్త నొక్కుకుపోయి ఉంటుంది, అంతే తేడా. కానీ అది ఇంకొంచెం లోతున, చల్లటి నీళ్లలో బతికింది. అది కలిస్తే లెక్క తప్పుతుంది.

ఆగస్టులో ఒకరోజు డాక్టర్ వరదా కామత్ కాగితం ఊపుకుంటూ వచ్చింది. అక్కడ ఆడవాళ్లు ఒకరినొకరు బాయ్ అని పిలుచుకుంటారు.

"చూశారా బాయ్! ఏడువేల ఏళ్ల కిందట సముద్రం డిగ్రీ చల్లగా ఉంది! వచ్చే నెల శాస్త్రవేత్తల సభలో ఒక్కొక్కరి నోరు మూయిస్తా."

ఎర్మెలిందా కాగితం మీది గ్రాఫు గీత చూసింది. బురదలో నూట నలభై సెంటీమీటర్ల లోతు నుంచి కిందదంతా చలే. బురదను ఆమె పైనుంచి కిందికి వరసగా ఏరుకుంటూ వచ్చింది. నూట నలభైకి చేరింది ఈస్టరు తరవాత. ఆ ఈస్టరుకే అసోల్నా చర్చిలో కొవ్వొత్తి మంటలకు వెంట్రుకలు మొలిచినట్టు కనిపించాయి.

కరిగించే ముందు ప్రతి ముప్పై గుల్లలకూ ఫొటో తీస్తారు. భోజనాలవేళ ఆమె ఆ ఫొటోలు పెద్ద తెరమీద తెరిచింది. నూట నలభైకి పైన ముప్పైలో రెండే లోతువి. కింద పదకొండు. ఇంకోదాంట్లో పదమూడు.

కన్ను మందగించినవాళ్లను బురద కడిగే గదికి పంపుతారు. అక్కడ వాన రాలదు. ఆమె నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా.

సాయంత్రం ఎర్మెలిందా వరదా కామత్ గదికి వెళ్లింది.

"చల్లబడింది సముద్రం కాదు, బాయ్. నా కళ్లే సరిగా కనబడటం లేదు."

వరద ఫొటోలు చూసింది. మొహం ఎర్రబడింది. "ఎప్పట్నుంచి?"

"ఈస్టరు నుంచి."

"నాలుగు నెలలు! ఒక్క ముక్క చెప్పలేదే!"

"చెబితే కడిగే గదిలో పడేస్తారుగా."

"ఇప్పుడు పడేయరనుకున్నారా?"

"పడేస్తారు. అలాగని నీ ఉత్తుత్తి చలికి నేను స్వెట్టర్లు అల్లుతూ కూర్చోలేను."

వరదకు నవ్వు రాలేదు. కాగితం మడిచి సొరుగులో పడేసింది. "మళ్లీ మొత్తం ఏరాలి. ఎవరేరతారు?"

"నువ్వే. పేపర్లు రాసీ రాసీ చేతులరిగిపోయాయా?"

మర్నాడు వరద కుంచె పట్టింది. పక్కనే, మైక్రోస్కోపులో కనబడేదంతా చూపించే పెద్ద తెర ముందు ఎర్మెలిందా. మొదటి గుల్ల ఊపిరికే ఎగిరిపోయింది.

"అది ఏడువేల ఏళ్లు ఓపిక పట్టింది. నువ్వొక్క నిమిషం ఊపిరి బిగబట్టలేవూ?"

"చంపకండి బాయ్. ఇదిగో, ఇది?"

"వద్దు. చివరి గది నొక్కుకుంది. లోతుది."

తెరమీద గుల్లలు ఫొటోల్లా పడున్నాయి, అంతే. ఒళ్లోకి ఒక్కటీ రాలలేదు.

పదిరోజులకు కొత్త లెక్క వచ్చింది. "వెచ్చగానే ఉంది," అంది వరద నీరసంగా. సభకు రానని అప్పటికే రాసేసింది.

"ఇన్నాళ్లూ లేనిపోని చలి అంటగట్టాం దానికి," అంది ఎర్మెలిందా.

సోమవారం కడిగే గదిలో చేతులు పైకి మడుచుకుని జల్లెడ పట్టింది. కొళాయి కింద బూడిదరంగు బురద వేళ్ల సందుల్లోంచి మెత్తగా, మెల్లగా జారిపోతోంది. ఆమె కళ్లు మూసుకుంది. ఈ పనికి కళ్లతో అవసరం లేదు.