చుక్కమ్మ కుడికన్ను

పిల్లల షాంపూ తయారుచేసే ఆ కార్ఖానాలో అందరూ ఆమెను చుక్కమ్మ అనేవారు. ఇరవై ఏళ్లుగా, తాను కలిపిన ప్రతి పీపాలోంచీ ఒక చుక్క తీసి, నీళ్లతో పలచన చేసి, తన కుడికంట్లో వేసుకునేది. మండితే పీపా మొత్తం పారబోయించేది. పరీక్షల కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయని యజమాని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినేది కాదు. "పసిపిల్లకి మీ కాగితాలు చదవడం రాదు" అనేది.

ఈ మూడేళ్లలో ఒక్క పీపా కూడా పారబోయాల్సిన పని పడలేదు. తనకు చెయ్యి బాగా తిరిగిందని లోలోపల మురిసిపోయింది.

మొన్న చెల్లెలు తన మనవరాలికి తలస్నానం చేయిస్తుంటే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"అక్కా, దీని కళ్లు మండుతున్నట్టున్నాయే."

"నా షాంపూకా? అది పేచీలే" అని కసిరి, చుక్కమ్మ కాస్త నురగ తీసి కుడికంట్లో రాసుకుంది. ఏమీ అనిపించలేదు. ఎందుకో అనుమానమొచ్చి ఎడమకంట్లోనూ రాసుకుంది. భగ్గుమంది.

చెల్లెలు పిల్ల కళ్లు కడిగి భుజానేసుకుంది. "ఈ ఒక్క సీసాయే పాడైందేమోలే అక్కా."

చుక్కమ్మ మూడేళ్ల సీసాలు ఎన్ని ఇళ్లకు వెళ్లి ఉంటాయో ఆలోచిస్తూ తడినేల మీదే కూలబడింది. ఆమెకు ఒక కన్నే ఏడుస్తోంది.