అడగని తొంభై కిలోలు

దేవీప్రసాద్ కాటా గదిలో కూర్చోబట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఓడల్లో దిగిన బొగ్గును కుప్పలు పోసుకుని లారీలకెత్తి పంపే ఒక ప్రైవేటు యార్డు అది. గేటు దగ్గర నేలలో ఇనుప పలక, పక్కన చిన్న గది, గదిలో కంప్యూటరు, ఓ కిటికీ. బండి పలక ఎక్కుతుంది, మనుషులు దిగుతారు, తెర మీద అంకె పడుతుంది, ఆయన మీట నొక్కుతాడు, చీటీ వస్తుంది. రోజుకు రెండొందలసార్లు ఇదే పని. ఇంటికెళ్ళి ముక్కు చీదితే నల్లగా వస్తుంది. యాభై నిండకుండానే ఆయాసం పట్టుకుంది. వేరే ఏదైనా చూసుకోమని భార్య ఇంద్రజ చెప్పీ చెప్పీ మానేసింది.

ఆయనది చోడవరం దగ్గర ఓ పల్లె. తండ్రి బెల్లం వండేవాడు. దిమ్మలు బండికెత్తుకుని వెళ్తే, తడి ఉందని కొంత, మడ్డి ఉందని కొంత, షావుకారు తరుగు తీసేవాడు. ఊళ్ళో పెద్ద రైతు దిమ్మలకు మాత్రం ఏ వానాకాలంలోనూ తడి ఉండేది కాదు. పదేళ్ళ వయసులో పక్కన నిలబడి అది చూసినవాడికి ఒక నమ్మకం గట్టిపడిపోయింది. తగ్గింపు అనేది ఎవరి పేరు మీద పుట్టినా చివరికి ఉన్నవాడి సంచిలోకే చేరుతుంది. కాబట్టి ఎవరికీ ఏదీ తగ్గించకూడదు.

కారు పందేల పిచ్చి కూడా ఆ దారినే వచ్చింది. కాన్వెంట్ జంక్షన్ దగ్గర గవర్రాజు టైర్ల షాపులో ఒక ఆదివారం సాయంత్రం టీవీలో ఫార్ములా వన్ వస్తోంది. ఆ వేగం ఆయనకు ఎక్కలేదు. పందెం ముగిశాక, గెలిచినవాడు హెల్మెట్ కూడా తీయకుండా వచ్చి తూకం యంత్రమెక్కి బుద్ధిగా నిలబడ్డాడు. "గెలిచినోడిని కూడా కాటా ఎక్కిత్తారేటి?" అని ఆశ్చర్యపోయాడు. అప్పటినుంచి పందెం ఉన్న ఏ ఆదివారమూ షాపుకు రావడం మానలేదు.

అక్కడ ఆయనకు ఎదురు కూర్చునేవాడు యాసిన్. రేవు పక్కన పాత ఊరనే పేటవాడు. ఒక్కటే లారీ, పది టైర్లది. ఓనరూ తనే, డ్రైవరూ తనే. ఆ బొగ్గు యార్డులోనే, వంతులవారీగా లోడులిచ్చే వరస పట్టీలో పేరుంది, దాని మీదే ఇల్లు నడుస్తోంది. ఇంద్రజకు ఆపరేషనైనప్పుడు బంధువుల్ని పోగేసుకొచ్చి రెండు సీసాల రక్తం ఇప్పించింది అతనే.

జూలైలో ఒక ఆదివారం. బయట ముసురు. పందెం చప్పగా సాగుతోంది. యాసిన్ పాత గొడవ తవ్వాడు.

"కిలోన్నర, ప్రసాద్ భాయ్! కిలోన్నర తగ్గిందని గెలిచిన కారుని పందెంలోంచే కొట్టేసారు. మా ఇంట్లో ఒక పూట కూరకి తెచ్చే సేపలు అంతుంటాయి."

"తక్కువంటే తక్కువే. కాసంతైనా, కొండంతైనా."

"మరి టీము ఏడాదికి ఇంతే ఖర్చెట్టాలని గీత గీసారు గదా. ఆ గీత దాటి కోట్లు తగలేసిన టీముని ఏటి సేసారు? జరిమానా కట్టించుకున్నారు. టైటిలు ఆళ్ళకాడే ఉంది. డబ్బున్నోడికి గీత రబ్బరుది, డబ్బు నేనోడికి ఇనపది."

"అదీ తప్పే. లాగేసుకోవాల్సింది. ఆళ్ళని వదిలేసారని ఈళ్ళని కూడా వదిలెయ్యమంటావేటి?"

గవర్రాజు టైరు మీద కాళ్ళు చాపుకుని నవ్వాడు. "ఈ బావతో నీకెందుకురా? పెళ్ళిలో తలంబ్రాలు కూడా తూసి పోసుంటాడు."

యాసిన్ నవ్వలేదు. "రేపు నా బండి ఎక్కువ తూగితేనో?"

"నీ బండైనా మా బాబు బండైనా అంతే."

"సరే. నీ కిటికీ కాడికొచ్చి నాను ఏదైనా అడిగితే నా పేరు యాసినే కాదు."

గవర్రాజు ఇద్దరికీ టీలు చెప్పాడు. యాసిన్ తన టీ తాగకుండానే లేచిపోయాడు.

అతని కోపానికి కారణముంది. యార్డులో రెండు రకాల రూళ్ళు. అరవై బండ్లున్న కాంట్రాక్టరుకైతే, దాటిన టన్నుకు ఇంతని నెలాఖరున జరిమానా, బండి మాత్రం ముందుకే. ఒంటి బండివాళ్ళకైతే, మొత్తం బరువు ఇరవై ఎనిమిది టన్నులు దాటితే బండి వెనక్కి, ఏడాదిలో మూడుసార్లు దాటితే వరస పట్టీలోంచి పేరు కొట్టివేత. యాసిన్ పేరు పక్కన ఆ ఏడాది అప్పటికే దాటినట్టు రెండు గుర్తులున్నాయి.

వానాకాలానికి ఒక వెసులుబాటు ఉంది. పైన కప్పిన టార్పాలిన్ నీళ్ళు పీల్చుకుని ఉంటే వంద కిలోల దాకా తగ్గించవచ్చు. కాకపోతే చీటీ రాకముందే డ్రైవరు నోటితో అడగాలి. కాటా మనిషి తనంతట తాను ఇవ్వకూడదు. వానాకాలంలో డ్రైవర్లు పలక దిగుతూనే "తడి, సార్, తడి" అని కేకేస్తారు. వద్దన్నా అడుగుతారు.

ఆ ఆదివారం మర్నాడు పొద్దున్న పదిన్నరకు యాసిన్ బండి పలక ఎక్కింది. టార్పాలిన్ నాలుగు మూలలనుంచీ నీళ్ళు ధారగా కారుతున్నాయి. అతను దిగి, కిటికీకి దూరంగా, వానలోనే నిలబడ్డాడు.

తెర మీద 28,090 పడింది.

మామూలుగా నాలుగు సెకన్లలో నొక్కే మీట మీద దేవీప్రసాద్ వేలు ఆగిపోయింది. యాసిన్ అటు తిరిగి క్రేన్ల వైపు చూస్తున్నాడు. వెనక నాలుగు బండ్లు హారన్లు మొదలెట్టాయి. దేవీప్రసాద్ కిటికీ అద్దం పక్కకు జరిపాడు. చీటీ కొట్టకముందే అద్దం తీయడం అంతకుముందు ఎప్పుడూ ఏ బండికీ ఆయన చేయలేదు.

"ఏటి యాసినూ?"

"ఏటీ నేదు. కొట్టు."

"ఏటైనా సెప్పాలా?"

"కొట్టమన్నాను గదా భాయ్."

ఒక్కమాట అంటే చాలని ఇద్దరికీ తెలుసు. దేవీప్రసాద్ ఇంకో హారన్ మోగేదాకా చూశాడు. మీట నొక్కాడు.

మూడో గుర్తు పడింది. సాయంత్రానికి వరస పట్టీలోంచి పేరు పోయింది. వారం గడిచింది. లారీ పాత ఊళ్ళో గోడవారగా ఆగి ఉందని గవర్రాజు చెప్పాడు. వేరే యార్డులకు వెళ్తే, నీ పేరెందుకు తీశారని అడుగుతున్నారట. ఆదివారం యాసిన్ షాపుకు రాలేదు. దేవీప్రసాద్ వెళ్ళి, పందెం సగంలో లేచి వచ్చేశాడు.

పదోరోజున యాసిన్ భార్య సుమయ్యా యార్డు గేటు దగ్గరకు వచ్చింది.

"భయ్యా, అప్పీలు పెట్టాం. ఆయన పెట్టనన్నారు, నానే రాయించి సంతకం పెట్టించాను. తడి బరువని మీరు నిజం రాత్తే సాలంట, అంతా మీ సేతిలో ఉందంట గదా."

నిజంగానే ఆయన చేతిలో ఉంది. మేనేజరు అప్పలసూరి అప్పుడే కాగితం పట్టుకుని తన గదిలోకి పిలిచాడు. అందులో కాటా మనిషికి ఒకటే ప్రశ్న. చీటీ రాకముందు డ్రైవరు తగ్గింపు అడిగాడా? జవాబుకు రెండే గడులు, అవును, లేదు.

"కెమెరా సూసేను. నువ్వు అద్దం తీసేవు, ఇద్దరూ ఏదో మాటాడుకున్నారు," అన్నాడు అప్పలసూరి. "కెమెరాకి మాటలు వినబడవు గదా. నువ్వేటి రాత్తే అదే పైకి పోద్ది. నన్నడక్కు."

దేవీప్రసాద్ మేనేజరు ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. కిటికీలోంచి పలక కనబడుతోంది. కాంట్రాక్టరు బండి ఒకటి, అదీ పది టైర్లదే, పలక మీద ఉంది. ఆయన బదులు కాటా గదిలో కూర్చున్న మనిషి దాని తూకం ఇక్కడికి వినబడేలా గట్టిగా చదివాడు. ఇరవై తొమ్మిది టన్నుల నాలుగొందలు. చీటీ ఇచ్చాడు. బండి వెళ్ళిపోయింది.

అవునని పెడితే లారీ మళ్ళీ వరసలోకి వస్తుంది. ఆ టార్పాలిన్ తడిసి ఉన్నమాట నిజం. యాసిన్ అడగనిమాటా నిజమే. కాగితం మాత్రం టార్పాలిన్ గురించి అడగలేదు. దేవీప్రసాద్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. లేదు అన్న గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేశాడు. అప్పలసూరి దాన్ని చూసి ఫైల్లో పెట్టుకున్నాడు.

బయటకు వచ్చేసరికి సుమయ్యా గోడ పక్కన గొడుగు కింద నిలబడి ఉంది.

"రాసారా భయ్యా?"

"రాసానమ్మా."

ఆమె గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. "ఇంక భయం నేదు. నాను వచ్చానని ఆయనకి సెప్పకండి, తిడతారు. మీ మీద కోపంగానే ఉన్నారు గానీ, ప్రసాద్ భాయ్ సచ్చినా అబద్ధం రాయడని నిన్న కూడా అన్నారు."

ఆమె బురద తప్పించుకుంటూ బస్టాపు వైపు నడిచింది. బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ దేవీప్రసాద్ గేటు దగ్గరే నిలబడ్డాడు. పిలవలేదు.