సైకిల్ ట్యూబు వాసన

దోస్తులతోని కలిసి సొంతంగ తీసిన నా సినిమా నిన్న మా ఊళ్లె వేసినం. ఫంక్షన్ హాల్ల లైట్లు బంద్ చెయ్యంగనే లేచిన. బయటికొచ్చి పక్కన పంక్చర్ షాపు కాడ నిలబడ్డ. నీళ్లల్ల నానుతున్న ట్యూబు వాసనొచ్చింది.

మా నేతోళ్ల వాడ, మగ్గాల గేరి దోస్తులారా, గా వాసన యాదికున్నదా? పాత సైకిల్ ట్యూబును సన్నగ కోసి, చీర మీద డిజైను తెల్లగ పడాలెనని, రంగు అంటొద్దన్న కాడ నూలుకు గట్టిగ కట్టేటోళ్లు. కట్టుకుంటనే నన్ను కన్న మా అవ్వ దయ్యాల కథలు చెప్పేది. నాకు కథల పిచ్చి ఆడనే పట్టింది.

రంగుల ముంచిన నూలు ఆరినంక కట్లు విప్పాలె. లోపలికి రంగు దిగిందంటే చేసిన కష్టమంత మట్టిపాలే. అందుకే మా బాపు అది చూడకపోయేది. వాకిట్లకు పోయి గోడ దిక్కు తిరిగి నిలబడేటోడు. అవ్వ ఒక్కో కట్టు విప్పి, నూలు చూసి కేకేసేది.

"తెల్లగనే ఉన్నది, లోపలికి రా."

అప్పుడు గని బాపు బీడీ ముట్టించకపోయేది.

నా సినిమా మా గేరోళ్ల ముచ్చటే. వాళ్లకే నచ్చకపోతే ఇంకెవలికి చూపియ్యాలె? గా ఫికర్ తోనే నేను కూడ పంక్చర్ షాపు గోడను చూసుకుంట నిలబడ్డ. సినిమా అయిపోయినట్టుంది, ఎవలో వెనుక నుంచి వచ్చి భుజమ్మీద చెయ్యేసిన్రు. తిరిగి చూస్తే బాపు.

"తెల్లగనే ఉన్నది బిడ్డా," అన్నడు. "లోపలికి రా."