రోకలి పట్టిన కుందేలు

మొన్న సాయంత్రం టీవీలో చైనావాళ్ళు చంద్రుడి మీద దింపిన బండిని చూపిస్తూ, దానికి వాళ్ళ పురాణాల్లోని కుందేలు పేరు పెట్టారని చెబుతుంటే, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నవ్వుతూ కూర్చున్నాను. ఆ కుందేలు మా ఇంట్లో ఎంత పని చేసిందో ఆ వార్తలు చదివే అమ్మాయికేం తెలుసు!

నేను అద్దంకి దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్ళింది తొంభైల చివర్లో. మా అత్తగారికి అప్పటికే రెండు కళ్ళకూ శుక్లాలు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మూలమూలా తెలిసిన మనిషి కావడంతో మాకూ అనుమానం రాలేదు, మిరపకాయల తొడిమలైతే చేత్తో తడుముతూనే తీసేసేది. నాలుగేళ్ళ తర్వాత ఒకనాడు తాలుకాయలు ఏరుతూ, తెల్లబారిన కాయలన్నీ ఎర్రటి రాశిలో పోస్తుంటే గుట్టు బయటపడింది. ఆపరేషన్ ఆలస్యమైతే చూపు దక్కదని గుంటూరు డాక్టరు చెప్పినా ఆవిడ ససేమిరా అంది. కంట్లో కత్తి అన్న మాట వింటేనే లేచి వెళ్ళిపోయేది. మా ఆయన బతిమాలి, కోప్పడి, చివరికి అలిగి అన్నం మానేస్తే, ఆవిడా పోటీగా మానేసింది.

అలాంటి రోజుల్లోనే, ఒక సాయంత్రం డాబా మీద మూడేళ్ళ మా పాపకు అన్నం పెడుతూ, నేను పాఠాలు చెప్పే బడి లైబ్రరీలో చదివిన చైనా కథ చెబుతున్నాను. చావు లేకుండా చేసే మందు మింగిన ఒకావిడ తేలిపోతూ చంద్రుడిలోకి వెళ్ళిపోయిందనీ, భర్త కింద నిలబడి చూస్తుండిపోయాడనీ, అక్కడ ఆవిడకు తోడుగా ఒక కుందేలు రోట్లో మందు దంచుతూ ఉంటుందనీ చెప్పేసరికి, పక్కనే ఉన్న అత్తగారు ఊరుకోలేదు.

"కుందేలు రోకలెట్టా పట్టుకుంటదే? చిన్నప్పుడు నేనూ చూశాగా, కుందేలుంది గానీ రోకలెక్కడిది?"

"సరిగ్గా చూస్తే కనపడుతుందత్తయ్యా" అన్నాను, నాకెప్పుడూ కనపడకపోయినా.

ఏళ్ళ తరబడి కారం దంచిన మనిషి, ఊరుకుంటుందా! రెండు రోజులు ఆ రోకలి గురించే సణిగి, మూడోనాడు పొద్దున్నే గుంటూరు బస్సుకు తయారై కూర్చుంది. "పద, అదేందో తేల్చుకోవాల."

తోడు నేనొక్కదాన్నే వెళ్ళాను. దారి పొడుగునా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. అబద్ధం చెప్పి తీసుకెళ్తున్నాను, ఏమైనా అయితే ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్ళాలా అనుకుంటూ నేనూ ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

రోకలి లేదని ఆ తర్వాతి పున్నమికి తేల్చేసి, పంతులమ్మవై ఉండి అబద్ధాలాడతావా అని నన్ను చీవాట్లు పెట్టిందనుకోండి, అది వేరే సంగతి. ఆసుపత్రిలో కట్టు విప్పిన రోజు ఆవిడ చుట్టూ చూసి, నా దగ్గర ఆగి, నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. మా పెళ్ళినాటికే పొరలు కమ్మిన కళ్ళవి, నన్ను చూడటం అదే మొదటిసారి అని నాకప్పుడు తట్టింది.

"మా వాడు చెబితే నమ్మలేదే. బావున్నావు" అంది. నేను అక్కడే భోరున ఏడ్చేశాను.

ఇప్పుడు కాయలు కళ్ళం నుంచి నేరుగా కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి, అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని తాలు ఏరే పనే లేదు. అత్తయ్యా లేదు. ఈ ఫోన్లలో నన్ను ఎందరో ఎన్ని ఫొటోలు తీశారో గానీ, అంత ఆబగా నన్ను చూసింది మాత్రం ఆవిడొక్కతే.