తలుపుకి అంటించని నోటీసు

ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ ఒక ముసలాయన పొలాన్ని గుండెల మీద మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఏలూరులో, తాడేపల్లిగూడెంలో నన్ను కొంతమంది ఎరుగుదురు. రిటైరయ్యాక పత్రికలకి వ్యాసాలు రాశాను. పార్లమెంటు ఎన్నికలప్పుడు ఒక చిన్న పార్టీ తరఫున సభల్లో మాట్లాడాను. ఎప్పుడూ ఒకటే మాట. రైతు భూమి రైతుది, ప్రభుత్వం కాపలా ఉండాలి గానీ యజమాని కాకూడదు. ఆస్తిని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిన రోజునే మన గడప దాకా ఢిల్లీకి దారి ఇచ్చేశామనేవాణ్ణి. చప్పట్లు కొట్టేవారు. ఆ మాటలు నిజమని ఇప్పటికీ నమ్ముతాను. చెప్పడానికి నేనెవర్ని?

అంతకుముందు నేను ఏలూరులో ఒక ఆఫీసులో భూసేకరణ గుమాస్తాని. కొల్లేరు పక్క ఊళ్ళో ప్రభుత్వ గోదాముకి స్థలం కావలసివచ్చింది. అందులో ఆ ముసలాయన, వీర్రాజుగారి చేను ఉంది. ఆయన చేతికి నోటీసు ఇవ్వాలి. ఇంట్లో లేకపోతే ఇద్దరు సాక్షుల ముందు తలుపుకి అంటించాలి. ఆ తర్వాత అభ్యంతరం చెప్పుకోవడానికి గడువుంటుంది. ఆయనకి చెప్పుకోవడానికి గట్టి మాటే ఉంది. ఆ చేను పక్కనే ప్రభుత్వ భూమి బీడుగా పడి ఉంది.

ఆ రోజు వాన. ఊరి రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయని ఎవరో అన్నారు. వెళ్ళి చూడలేదు. బస్టాండు నుంచే వెనక్కి వచ్చేశాను. యజమాని ఇంట లేనందున తలుపుకి అంటించడమైనది అని రాశాను. ఇద్దరు సాక్షుల పేర్లు నేనే పుట్టించి, రెండు వేరు వేరు కలాలతో సంతకాలు పెట్టాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. బద్ధకం, అంతే. అంత చిన్న కారణానికి ఇంకొకరి జీవితం తారుమారు చెయ్యగల అధికారం నా చేతిలో ఎలా ఉంది?

గడువు దాటాక వీర్రాజుగారు ఆఫీసుకి వచ్చారు. పంచె అంచుకి బురద. తను ఇల్లు కదల్లేదని, తలుపు మీద ఏ కాగితమూ చూడలేదని చెప్పారు. ఆఫీసరు ఫైలు తిప్పి చూపించారు. ఆయన దాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు.

“ప్రభుత్వంవారు రాశారంటే అంటించే ఉంటారండీ. నేనే చూసుకోలేదేమో,” అన్నారు.

నేను తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు నటించాను.

చేను పోయింది. ఆయన ఎవరివో చేపల చెరువుల దగ్గర కాపలాకి కుదిరారనీ, కొన్నేళ్ళకి పోయారనీ విన్నాను.

తర్వాత నేను చేసింది ఇంకా నీచం. ఆయన కథని సభల్లో చెప్పడం మొదలుపెట్టాను. ఊరూ పేరూ లేకుండా, నోటీసే అంటించకుండా అంటించామని రాసిన దుర్మార్గపు ప్రభుత్వం అంటూ. నా తప్పుని ప్రభుత్వం మీదికి నెట్టి, దాని మీద నిలబడి మాట్లాడాను. నా సిద్ధాంతం చదువులోంచి పుట్టిందా, ఈ భయంలోంచా? ఇప్పటికీ తేల్చుకోలేను.

కిందటి ఎన్నికలప్పుడు తాడేపల్లిగూడెంలో సభ అయ్యాక ఒకావిడ నా దగ్గరకి వచ్చింది. వీర్రాజుగారి అమ్మాయినంది. చేతులు జోడించింది.

“గోదాము, పక్కన బీడు, చెరువుల కాపలా, మీరు చెప్పింది మా నాన్నగారి సంగతేనండీ. నోటీసు అంటించలేదని మీకెలా తెలుసండీ?”

“ఎవరో అనగా విన్నానమ్మా.”

“మా నాన్నగారు పోయేదాకా, మా అమ్మే చదువు రాక ఆ కాగితం పీకి పొయ్యిలో పెట్టేసిందనుకున్నారండీ. ఒక్క ఇంట్లో ఉండి సరిగ్గా మాట్లాడుకునేవారు కాదు. అమ్మ కూడా, ఏమో, నేనే పీకేశానేమో అంటుందండీ ఇప్పటికీ. మీరొకసారి వచ్చి ఆవిడకి చెప్పరాండీ?”

వస్తానమ్మా అన్నాను. అడ్రసు రాసిచ్చింది. వెళ్ళలేదు.

పొలం తీసుకున్నది ప్రభుత్వం. ఆ ఇంట్లో మాట తీసేసింది మాత్రం నేను. ఏ చట్టంలోనూ లేని నష్టం అది. అప్పట్నుంచి ఏ సభకీ పోలేదు. నోరు తెరిస్తే, చూడని ఆ పొయ్యి కనిపించేది.

ఈమధ్య ఆ అడ్రసుకి ఉత్తరం రాశాను. నా పేరు, నా ఉద్యోగం, రెండు దొంగ సంతకాలు, అన్నీ. వాళ్ళమ్మగారు ఏ కాగితమూ పీకలేదని రెండుసార్లు రాశాను. నా ఫోన్ నెంబరు వేసి పోస్టు చేశాను.

వారానికి అమ్మాయి ఫోన్ చేసింది.

“అమ్మకి చదివి వినిపించానండీ.”

“ఏమన్నారమ్మా?”

“మళ్ళీ చదవమందండీ.”

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు. నేను క్షమించమని రాయలేదు, అడగను కూడా. ఇప్పుడు ఆవిడకి తెలుసు. ఇదంతా మీకూ చెప్పాను. కాస్త ఊపిరి ఆడుతోంది. అంతకు మించి నాకు దక్కేదేమీ లేదు.